వార్డెన్ సంతకం: ఖమ్మం టీకా పరిశోధనలో నీతి, శాస్త్రం

1

సంక్షేమ హాస్టళ్ళలో పెరిగి యూనివర్సిటీ దాకా వచ్చిన వాళ్ళం మేం. మా ఇళ్ళలో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. సంతకం అంటే ఏమిటో పుస్తకాల్లో చదవకముందే హాస్టల్లో నేర్చుకున్నాం. మా అమ్మానాన్నలు వేలిముద్రల మనుషులు. వాళ్ళ పేరు ఉండాల్సిన చోట వార్డెన్ సారు సంతకం ఉండేది. స్కాలర్‌షిప్ ఫారం మీద ఆయనే, సెలవు చిట్టీ మీద ఆయనే, పరీక్ష ఫీజు కాగితం మీద ఆయనే. ఆ సంతకం లేకపోతే మాకు చదువు లేదు. అందుకే దాని మీద మాకు కోపం లేదు. భయం మాత్రం ఉండేది.

సూదులు వేసేవాళ్ళు వచ్చిన రోజు వరండాలో వరుస కట్టించేవాళ్ళు. చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడేవాళ్ళం. అది ఏ సూది, ఎందుకు అని అడిగిన గుర్తు మాలో ఎవరికీ లేదు. చెయ్యి వాచి రెండు రోజులు అన్నం ముద్ద ఎత్తలేకపోయిన పిల్లగాడు మాత్రం గుర్తున్నాడు. వాడి చెయ్యి వాచిన సంగతి ఎక్కడా రాసుకోలేదు. ముందు అడగనివాళ్ళు తర్వాత ఎందుకు అడుగుతారు?

ఈ చిన్న సంగతితోనే ఎందుకు మొదలుపెట్టామంటే, మేం చెప్పదలచుకున్న పెద్ద సంగతి కూడా ఇదే. మందుల పరిశోధనల మీద మన దగ్గర మాట్లాడేటప్పుడు నీతిని ఒక గదిలో, శాస్త్రాన్ని ఇంకో గదిలో కూర్చోబెడతారు. నీతి గదిలో హక్కుల సంఘాలు, శాస్త్రం గదిలో డాక్టర్లు. ‘అనుమతి పత్రాల్లో కొన్ని లోపాలు జరిగాయి, కానీ శాస్త్రం సరిగానే ఉంది’ అనే మాట తరచూ వింటాం. ఈ మాట తప్పు అని మేం అంటున్నాం. అడగకుండా చేసిన పరిశోధనలో లెక్క కూడా నిలవదు. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. మా గోదావరిఖని బావుల్లో పనిచేసేవాళ్ళకు జీతం కాగితం ఏ కంపెనీ నుంచి వస్తుందో, ఆ సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం దాకా పోతే చాలు.

2

2009 జూలై 9న అప్పటి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా అది. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు మూడు మోతాదులు వేయాలి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. సుమారు 14 వేలమంది పిల్లలకు టీకా పడింది. నడిపింది అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా ఉన్న పాథ్ అనే సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డసిల్. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లో కూడా పాథ్ ఇదే పని చేసింది.

పాథ్‌కూ వైద్య పరిశోధన మండలికీ ఒప్పందం 2007లోనే కుదిరింది. ఈ టీకాకు మన దేశంలో లైసెన్సు వచ్చింది 2008లో. అంటే మందును దేశంలోకి రానివ్వాలా వద్దా అని తేలకముందే, దాన్ని ఎట్లా పంచాలో చూసే ఒప్పందం మీద సంతకాలైపోయాయి. ఈ సంతకాలు మాత్రం ఎవరివి వాళ్ళే పెట్టుకున్నారు.

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్ళు భద్రాచలం వెళ్ళి చూశారు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న పిల్లలకు తల్లిదండ్రులకు తెలియకుండానే సూదులు పడ్డాయని వాళ్ళు బయటపెట్టారు. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు నిలదీశాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసి విచారణ కమిటీని వేసింది. ఆ కమిటీ 2011 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. తర్వాత పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

నివేదికల్లో ఉన్న అంకెలు మూడు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన అనుమతి పత్రాలు 9,543. అందులో వేలిముద్రలు ఉన్నవి 1,948. హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763. అంటే నూటికి 29 పత్రాల మీద వార్డెనే తల్లి, వార్డెనే తండ్రి.

వేలిముద్ర తప్పు కాదు. మా అమ్మ వేలిముద్రకు మా సంతకం కన్నా విలువ తక్కువని మేం ఒప్పుకోం. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించాలి, పక్కన పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి, అంతే. కానీ వార్డెన్ సంతకం సంగతి వేరు. అది ఎవరో ఒక వార్డెన్ తొందరపడి చేసిన పొరపాటు కూడా కాదు. తల్లిదండ్రుల బదులు ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చిందని విచారణలో తేలింది. వార్డెన్ ప్రభుత్వ ఉద్యోగి. కార్యక్రమం ప్రభుత్వానిది. ఆర్డరు ప్రభుత్వానిది. ప్రభుత్వం తనను తానే అడిగి తానే ‘సరే’ అనుకుంది. దీన్ని ఒప్పుదల అనే మాటతో పిలవడం తెలుగు భాషకే అవమానం.

3

ఇక్కడిదాకా చాలామంది రాశారు. ఇది నీతి గదిలో జరిగిన చర్చ. ఇప్పుడు శాస్త్రం గదిలోకి పోదాం.

ఇది మందు పరీక్ష కాదు, లైసెన్సు ఉన్న టీకాను ఎట్లా అందించాలో చూసే నమూనా కార్యక్రమం అని పాథ్ వాదించింది. టీకా పనిచేస్తుందా అన్నది ప్రశ్న కాదట. ఎంతమందికి అందించగలం, ఎంత ఖర్చవుతుంది, జనం దీన్ని ఒప్పుకుంటారా, ఇవీ ప్రశ్నలట. పార్లమెంటు సంఘం ఈ వాదనను ఒప్పుకోలేదు, ఇది పరిశోధనే అంది. మేం మాత్రం వాదన కోసం పాథ్ చెప్పినదాన్నే తీసుకుంటాం. జనం ఒప్పుకుంటారా అన్నదే కదా మీ ప్రశ్న. మరి ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుంది? అనుమతి పత్రం మీదనే.

ఆ ఒక్క కాగితం రెండు పనులు చేస్తోంది. హక్కుల మనిషి చేతిలో అది ఒప్పుదల. శాస్త్రవేత్త చేతిలో అదే కొలత. ఒక కోయ తల్లి సంగతంతా విని ‘వద్దు సారూ’ అని ఉంటే, అది ఆమె హక్కు. పరిశోధనకు అదే విలువైన సమాచారం కూడా. ఎందుకు వద్దంది? భయమా, అనుమానమా, సరిగ్గా చెప్పలేదా? ఇది తెలుసుకోవడానికే గదా ఇంత దూరం వచ్చింది. ఆమె దగ్గరికి పోకుండా వార్డెన్ చేత సంతకం పెట్టించినప్పుడు ఆమె హక్కు పోయింది, ఆమె జవాబూ పోయింది. 2,763 పత్రాల మీద ఉన్నది జనం ఒప్పుకున్నారా అనే ప్రశ్నకు జవాబు కాదు. ప్రభుత్వ ఉద్యోగులు సర్క్యులర్‌ను పాటిస్తారా అనే ప్రశ్నకు జవాబు. దానికి సియాటిల్ నుంచి రావాల్సిన పనిలేదు, మా హాస్టల్ వాచ్‌మన్ చెప్పేవాడు.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. భారత్‌తో సహా నాలుగు దేశాల్లోనూ టీకా ఎక్కువమందికి అందిందని అది చూపింది. ఎన్ని చేతుల్లో సూది పడిందన్న లెక్క వరకు దాన్ని కాదనం. కానీ విధాన నిర్ణేతలు ఆ లెక్కను చదివేది ఇంకో అర్థంతో. ‘చూశారా, పేద దేశాల్లో, గిరిజన ప్రాంతాల్లో కూడా జనం ఆమోదిస్తున్నారు’ అని. వరుసలో నిలబెట్టిన పిల్లల సంఖ్యను ఆమోదం కింద జమ కట్టారు. ఏ సంఖ్యకైనా అది పుట్టిన తీరే విలువనిస్తుంది. తీరు చెడితే సంఖ్య చెడుతుంది.

హాస్టళ్ళను ఎంచుకోవడంలోనే ఈ చెడు ఉంది. హాస్టల్ పిల్లలు ఒక్కచోట దొరుకుతారు. అమ్మానాన్న దూరాన ఉంటారు. మూడో మోతాదు దాకా ఎక్కడికీ పోరు. పరిశోధకుడికి ఇది సులువు. కానీ రేపు దేశమంతా టీకా వేయాల్సింది ఇళ్ళలో, గుడిసెల్లో ఉన్న పిల్లలకు. పనికి పోయే తల్లి, ఆటో ఎక్కి రావాల్సిన పిల్ల, ఇంటి పెద్ద కాదంటే ఆగిపోయే సూది, ఇవన్నీ నిజమైన అడ్డంకులు. హాస్టల్ గేటు వాటన్నిటినీ ముందే తీసేసింది. అడ్డంకుల్ని కొలవడానికి వచ్చినవాళ్ళు అడ్డంకులు లేనిచోట కొలిచారు.

4

ఇక మరణాల సంగతి. రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారు. ఒకరు నీళ్ళలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో చనిపోయారని చెప్పారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం కచ్చితంగా తేలలేదు. టీకాకూ ఈ మరణాలకూ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని విచారణ కమిటీ అంది.

ఇక్కడ మా మాట స్పష్టంగా ఉండాలి. టీకా వల్ల వాళ్ళు చనిపోయారని మేం అనడం లేదు. అట్లా అనడానికి ఆధారం లేదు. ప్రపంచంలో కోట్లమందికి పడిన టీకా ఇది, ఇవాళ దాని భద్రత గురించి గట్టి సాక్ష్యం ఉంది. మా వాళ్ళలోనే కొందరు అప్పుడు దీన్ని ‘విషపు సూది’ అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆ మాట మన ఆడపిల్లలకే కీడు చేస్తుంది. ఈ క్యాన్సర్ ఎవర్ని తింటుందో చూడండి. పరీక్షలు చేయించుకోలేని పేద ఆడవాళ్ళను, ముదిరాక గానీ ఆసుపత్రి ముఖం చూడనివాళ్ళను. ఈ రోగంలో నూటికి 70 వంతులకు కారణమయ్యే రెండు రకాల వైరస్‌ను ఆ టీకా ఆపుతుంది. మంచి మందును చెడ్డ పద్ధతిలో తెచ్చినవాళ్ళ మీద కోపంతో మందునే పారేయడం మనకు నష్టం.

కానీ ‘సంబంధం లేదు’ అనే మాటకు ఒక ధర ఉంది. సంబంధం ఉండి ఉంటే పట్టుకోగలిగే ఏర్పాటు ముందే ఉన్నప్పుడే ఆ మాట అనే అర్హత వస్తుంది. టీకా పడ్డాక జ్వరం వస్తే ఎవరికి చెప్పాలో తల్లికి తెలియాలి. మరణం జరిగితే వెంటనే కబురు అందాలి, పరీక్ష జరగాలి. ఆ వయసు పిల్లల్లో ఆ మండలాల్లో మామూలుగా ఏటా ఎంతమంది చనిపోతారో ముందే తెలిసి ఉండాలి. అప్పుడే పోల్చి చూడొచ్చు. కీడు జరిగితే పట్టుకొని నమోదు చేసే పద్ధతి సరిగా లేదని, పిల్లలకు బీమా లేదని, మరణాల మీద విచారణల్లో పొంతన లేదని నివేదికలే చెప్పాయి. వల వేయకుండా చెరువులో చేప లేదంటే ఎట్ల? చేప లేకపోవచ్చు. కానీ నీకు తెలిసింది మాత్రం కాదు.

మళ్ళీ అనుమతి పత్రం దగ్గరికే వచ్చాం. బిడ్డకు సూది పడిందనే తెలియని తల్లి, బిడ్డకు వచ్చిన జ్వరాన్ని సూదితో కలిపి ఎట్లా చెబుతుంది? వార్డెన్ చెబుతాడా? సర్క్యులర్ ప్రకారం సంతకం పెట్టినవాడు దాని మీద ఫిర్యాదు రాస్తాడా? ఒప్పుదల అడగడం అంటే మర్యాద చేయడం మాత్రమే కాదు. రేపు ఏదైనా జరిగితే చెప్పే నోటిని ఇవాళ తెరిచి పెట్టడం. ఆ నోరు మూసినవాళ్ళు తర్వాత ‘ఎవరూ ఏమీ చెప్పలేదు’ అంటే దాన్ని భద్రత అనలేం.

పాము కాటు, పురుగుమందు, మలేరియా. ఆ చావులు టీకావి కావు, సరే. మరి ఎవరివి? పదేళ్ళ పిల్ల పాము కరిచి చనిపోవడం ఏజెన్సీలో మామూలే అనుకున్నారు గనుకనే ఆ జవాబుతో ఫైలు అంత తేలిగ్గా మూతపడింది.

5

‘నమూనా కార్యక్రమం నుంచి అంత శాస్త్రం ఎందుకు ఆశిస్తారు’ అని అడగొచ్చు. అదే కాలంలో, అదే టీకాతో, ఇదే దేశంలో నడిచిన ఇంకో పరిశోధనను పక్కన పెట్టి చూపిస్తాం.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009 సెప్టెంబరులో దేశంలో 9 చోట్ల ఒక పరిశోధన మొదలుపెట్టింది. మూడు మోతాదులకు బదులు రెండు చాలునా అన్నది ప్రశ్న. 20 వేలమంది ఆడపిల్లలను తీసుకోవాలనుకున్నారు. 17,729 మందికి టీకా పడేసరికి 2010 ఏప్రిల్ వచ్చింది. ఖమ్మం గొడవతో కేంద్రం హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నిటినీ ఆపేయమంది. ఇదీ ఆగింది. సుమారు 5 వేలమంది పిల్లలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయారు.

తర్వాత ఏం జరిగింది? ప్రతి పిల్లా పేరుపేరునా నమోదై ఉంది. పరిశోధకులు వాళ్ళ వెంటే ఉన్నారు. రక్తం పరీక్షించారు, ఏళ్ళ తరబడి కలిశారు. ఒక్క మోతాదు పడినవాళ్ళకు కూడా ఆ రెండు రకాల వైరస్ నుంచి నూటికి 90కి పైగా రక్షణ ఉందని, అది మూడు మోతాదుల రక్షణకు తీసిపోదని 2021లో ప్రకటించారు. ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలతో కలిసి ఈ ఫలితం ప్రపంచాన్నే మార్చింది. ఒక్క మోతాదు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మూడు సూదుల ఖర్చు ఒక సూదికి దిగింది. పేద దేశాలకు ఇంతకంటే పెద్ద కబురు ఏముంది?

ఈ పరిశోధనలో లోపం లేదని కాదు. ఒక్క మోతాదు గుంపు చీటీ వేసి ఎంచింది కాదు, ప్రభుత్వ ఆర్డరు వల్ల మిగిలిపోయింది. పరిశోధకులు ఆ సంగతి దాచలేదు. అయినా లెక్క నిలిచింది. ఎందుకంటే ఒక్కొక్క పిల్లను ఒక మనిషిగా నమోదు చేశారు. ఖమ్మంలో 14 వేలమంది ఇచ్చిన చేతుల నుంచి అట్లాంటి జ్ఞానం ఏదీ రాలేదు. దాని ఉద్దేశం అది కాదంటారు. మా ప్రశ్నా అదే. 14 వేలమంది పిల్లల్ని వరుసలో నిలబెట్టి, తర్వాత వాళ్ళెవరో గుర్తుపెట్టుకోనక్కర్లేని ఉద్దేశం ఎట్లాంటిది?

అట్లాగని శాస్త్రం గట్టిగా ఉంటే నీతి ఉన్నట్టేనని మేం అనడం లేదు. అదే అంతర్జాతీయ సంస్థ భాగస్వామిగా మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో గర్భాశయ క్యాన్సర్ పరీక్షల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. లక్షా 30 వేలకు పైగా ఆడవాళ్ళు. కొందరికి వైరస్ పరీక్ష, కొందరికి ఇతర పరీక్షలు చేశారు. ఒక గుంపుకు మాత్రం ఊళ్ళో దొరికే మామూలు వైద్యమే. వైరస్ పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్‌తో 34 మంది, ఏ పరీక్షా లేని గుంపులో 64 మంది చనిపోయారు. లెక్క పక్కాగా ఉంది. కానీ ఊళ్ళో దొరికే వైద్యం ఏదీ లేకపోవడమే ఆ ఊరి ‘మామూలు’ అయినప్పుడు, ఆ మామూలును పరిశోధనకు కొలబద్దగా వాడుకోవచ్చా? మేం వాడకూడదనే అంటాం. లెక్క మంచిదైనంత మాత్రాన నీతి రాదు. కానీ నీతి లేకుండా లెక్క కట్టిన చోట, ఖమ్మంలో లాగా, చాలాసార్లు లెక్క కూడా ఉండదు. మొదటిది తెలిసినవాళ్ళు చాలామంది. రెండోది మన చర్చల్లోకి రాలేదు.

6

పిల్లల మీద వార్డెన్ అధికారం పనిచేసింది. పెద్దల మీద ఏం పనిచేస్తుంది? పేదరికం. ఇందుకు మా రామగుండం నుంచి కాజీపేట పోయే రైలు లైను మీదనే ఒక ఊరు ఉంది, జమ్మికుంట. 2017లో ఆ ప్రాంతపు యువకులు బెంగళూరుకు మందుల పరీక్షలకు పోతున్న సంగతి పత్రికల్లోకి ఎక్కింది. పోయివచ్చిన ఒకరు చనిపోయారు, ఇంకొకరు జబ్బుపడ్డారు. అంతకుముందు 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ఆడవాళ్ళను హైదరాబాద్‌లోని ఒక సంస్థ క్యాన్సర్ మందు పరీక్షలకు తీసుకుపోయిన సంగతి బయటపడింది.

ఇట్లాంటి పరీక్షల్లో ఎక్కువ భాగం ఒక కంపెనీ మందు, ఇంకో కంపెనీ అదే మందు రక్తంలో ఒకేలా కలుస్తున్నాయా అని చూసేవి. అందుకే ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య సాధారణంగా మూడు నెలల ఎడం ఉండాలి. లేకపోతే పాత మందు ఛాయలు రక్తంలో ఉండి కొత్త లెక్కను పాడుచేయవచ్చు. కానీ అప్పు తీర్చడానికి పోయిన మనిషి మూడు నెలలు ఆగుతాడా? ఇంకో ఊళ్ళో ఇంకో ల్యాబుకు పోతాడు, మొదటి సంగతి చెప్పడు. చెబితే డబ్బు రాదు. కళ్ళు తిరిగితే కూడా చెప్పడు, చెబితే మధ్యలోనే పంపించేస్తారేమో. అతను అబద్ధాలకోరు కాదు. నిజం చెబితే నష్టపోయేలా ఏర్పాటు చేసినవాళ్ళే అతని చేత అబద్ధం ఆడిస్తున్నారు. ఆ అబద్ధం మీద ఒక మందుకు అనుమతి వస్తుంది. ఆ మందు బిళ్ళ చివరికి పట్నంలో బంగళా మనిషి కూడా మింగుతాడు. పేదవాడికి జరిగిన అన్యాయం పేదవాడి దగ్గరే ఆగిపోతుందనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక వైరుధ్యం గురించి హెచ్చరించారు. ఓటులో అందరూ సమానం, సమాజంలో విలువ మాత్రం అసమానం. పరిశోధన పట్టికలో కూడా అదే వైరుధ్యం. అక్కడ ప్రతి మనిషీ ఒక అంకె, అన్ని అంకెలూ సమానం. కానీ ఆ అంకె కావడానికి ముందు, ఎవర్ని కూర్చోబెట్టి అడుగుతారు, ఎవర్ని వరుసలో నిలబెడతారు అన్నది కులం, తెగ, కూలి రేటు చూసి నిర్ణయమవుతుంది. కార్పొరేట్ స్కూల్లో చదివే పిల్ల తండ్రిని అడగకుండా సూది వేసే ధైర్యం ఎవరికుంది?

7

ఇది ఖమ్మంతో అయిపోయిన కథ అయితే మేం ఇంత రాయం. 2022 నవంబరులో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సింగరేణి పేరుతోనే. అదే రోజు కొత్తగూడెంలోనూ మొదలైంది. ఇది మాకు సంతోషమే. మా పిల్లలు అక్కడ డాక్టర్లు కావాలి. కానీ వైద్య కళాశాల ఉన్నచోటికి పరిశోధనలు వస్తాయి, రావాలి కూడా. బొగ్గు దుమ్ముతో పాడైన ఊపిరితిత్తుల మీద, ఓపెన్‌కాస్టు పక్క ఊళ్ళ పిల్లల దగ్గు మీద, థర్మల్ బూడిద మీద పరిశోధన మనకే కావాలి. మరి ఎట్లా అడుగుతారు మన మనుషుల్ని?

బొగ్గుబావుల దగ్గర డాక్టరు కాగితానికి ఉన్న బలం ఇంకెక్కడా ఉండదు. పీఎంఈ కాగితం మనిషిని బావిలోకి దింపుతుంది, పైకి తెస్తుంది. ‘మెడికల్ అన్‌ఫిట్’ అనే మాట మీద కొడుకు ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. అట్లాంటి చోట తెల్లకోటు వేసుకున్న మనిషి ‘ఇక్కడ సంతకం పెట్టు’ అంటే కాంట్రాక్టు కార్మికుడు వద్దంటాడా? ఖమ్మంలో వార్డెన్ ఎవరో, ఇక్కడ మేనేజర్ అంత, కాంట్రాక్టరు అంత. కంపెనీ మనిషి ఒప్పుదల తీసుకునే పరిశోధనలో దగ్గును కార్మికుడు దాస్తాడు, లేకపోతే ఎక్కువ చేసి చెబుతాడు. రెండు విధాలా లెక్క పోతుంది.

చట్టం మారలేదని కాదు. సుప్రీంకోర్టులో స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన కేసు తర్వాత 2013లో నిబంధనలు గట్టిపడ్డాయి. 2019లో కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమావళి వచ్చింది. నైతిక కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో ఒక సామాన్య పౌరుడు, ఒక స్త్రీ ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదలతో పాటు పిల్లల సమ్మతి కూడా కావాలని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఖమ్మం సంగతి మీద కల్పనా మెహతా, వి. రుక్మిణీరావు వంటి వాళ్ళు సుప్రీంకోర్టుకు పోబట్టే, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులో ఆధారంగా చూపించొచ్చని 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి. కానీ ఆ ‘సామాన్య పౌరుడు’ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? రిటైరైన ఆఫీసరా? కోల్‌ఫిల్లర్ పెళ్ళామా, ఆసుపత్రి ఊడ్చే కార్మికురాలా? ఈ ప్రశ్న అడగాల్సింది మన సంఘాలే. జీతం, ప్రమోషన్, రోస్టర్ పాయింటు మీద కొట్లాడే మన యూనియన్లు ఈ కుర్చీ కోసం ఇంతవరకు ఎందుకు కొట్లాడలేదు?

చివరగా ఒక్క మాట. 2009లో ఖమ్మంలో వరుసలో నిలబడిన ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భాశయ క్యాన్సర్ పరీక్ష మొదలయ్యే వయసు కూడా ముప్పయ్యే. వాళ్ళ పేర్లున్న ఆ 9,543 కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి? వాటిని బయటికి తీయండి. ఒక్కొక్కరి ఇంటికి పోండి. ‘అమ్మా, పదేళ్ళ వయసులో నీకు ఈ సూది వేశాం, నిన్నూ అడగలేదు, మీ అమ్మనూ అడగలేదు. అది ఈ రోగానికి టీకా. అయినా ఇప్పుడు పరీక్ష చేయించుకోవాలి, ఉచితంగా చేస్తాం. నీకు ఇష్టమైతేనే’ అని చెప్పండి. వద్దంటే దండం పెట్టి తిరిగి రండి, ఆ వద్దన్న మాటను కూడా రాసుకోండి.

అప్పుడు ఆ 14 వేలమంది నుంచి నికార్సయిన లెక్క మొదటిసారి వస్తుంది. దాని మీద వార్డెన్ సంతకం ఉండదు.